బడిలోకి వచ్చి హాజరు పట్టీ ఫొటోలు తీసే నాయకుడితో ఎలా వేగాలి?

ప్రశ్న (ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు, ఆంధ్రప్రదేశ్):
నమస్కారం. మాది మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. 38 మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. ప్రధానోపాధ్యాయురాలి బాధ్యత కూడా నాదే. మా ఊరి నాయకుడు ఒకాయన రెండు నెలలుగా తరచూ బడికి వస్తున్నారు. ఆయనకు పదవి లేదు, బడి తల్లిదండ్రుల కమిటీలోనూ లేరు. మొన్న బుధవారం చెప్పులతోనే తరగతిలోకి వచ్చి, నా బల్ల మీది హాజరు పట్టీ తీసుకుని ఫోనులో ఫొటోలు తీశారు. రెండో తరగతి పాపను లేపి ఎక్కాలు చెప్పమని వీడియో తీశారు. పాప బెదిరిపోయి మూడో ఎక్కంలో ఆగిపోయింది. సాయంత్రానికల్లా అది ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంది, కింద "జీతం లక్ష, మూడో ఎక్కం రాదు" అని రాసి. అసలు సంగతి వేరే. మధ్యాహ్న భోజనం వండే ఆవిడను తీసేసి, ఆ పని ఆయన మరదలికి ఇవ్వాలట. కాదంటే "రేపు ఎక్కడ పనిచేస్తారో చూసుకోండి" అన్నారు. నన్ను సస్పెండ్ చేయించగలరా?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):
అమ్మా, ముందు ఆ భయం వదలండి. ఎస్జీటీకి నియామక అధికారి డీఈఓ (జిల్లా విద్యాశాఖాధికారి). పెద్ద శిక్ష ఏది వేయాలన్నా 1991 సీసీఏ నియమాల (ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ నియమాలు) ప్రకారం అభియోగ పత్రం, మీ సంజాయిషీ, విచారణ ఉండాలి. ఎవరో ఫోను చేస్తే అయిపోయేది కాదు. నేను చూసినంతలో దెబ్బ అటు నుంచి రాదు, "పని సర్దుబాటు" పేరుతో, అంటే తాత్కాలికంగా వేరే బడికి పంపే రూపంలో వస్తుంది. బదిలీలకు 2025లో చట్టం వచ్చింది, కౌన్సెలింగ్ ఉంది. సర్దుబాటు మాత్రం చాలా చోట్ల ఒక్క కాగితంతో తేలిపోతుంది. అందుకే మీ కాగితం ముందు ఉండాలి. ఈ రోజే ఎంఈఓకు (మండల విద్యాశాఖాధికారికి) రాయండి: తేదీ, వేళ, గదిలో ఎవరెవరు ఉన్నారు, ఏ రిజిస్టరు తీశారు, ఆయన అన్న మాటలు అన్నట్టుగా. "దౌర్జన్యం", "అరాచకం" లాంటి మాటలు వద్దు. రెండో ప్రతి మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకోండి.

ఇక సందర్శకుల పుస్తకం గుమ్మం పక్కన బల్ల మీద పెట్టండి. ఎవరు వచ్చినా పేరు, వచ్చిన పని రాసి సంతకం చేయమనండి. పెన్ను చేతికివ్వగానే పని గుర్తొచ్చి వెళ్లిపోయిన వాళ్లను నా సర్వీసులో చాలామందిని చూశాను.

జవాబు (తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలు):
మాస్టారూ, ఒక మాట. అడిగే ప్రతి వాడినీ రౌడీని చేయకండి. మా అబ్బాయి బడిలో ఒక టీచరు వారానికి రెండు రోజులు కనిపించేవారు కాదు. హాజరు పట్టీ చూపమంటే "మీకెందుకమ్మా" అన్నారు. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. టీచరు వేళకు రావాలని, పిల్లవాడి హాజరు, చదువు తల్లిదండ్రులకు చెప్పాలని 24వ సెక్షన్ అంటోంది. కాబట్టి అడగడం మా హక్కు. మేడం, మీ బడిలో కమిటీ సమావేశం చివరిసారి ఎప్పుడు జరిగింది?

ప్రశ్న అడిగిన టీచరు:
దాచడం ఎందుకు, జూన్ తర్వాత ఒక్కసారే. మిగతా నెలలకు పుస్తకం ఇళ్లకు పంపి సంతకాలు పెట్టించాం.

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):
ఆయన దూరిన కంత అదేనమ్మా. ఈ వారమే సమావేశం పెట్టండి. వంట మనిషి సంగతి చర్చకు పెట్టండి. ఆవిడ మీద ఫిర్యాదు ఉంటే రాతలో ఇమ్మనండి. అది మీరు ఒక్కరే నోటిమాట మీద తేల్చే పని కాదు. హాజరు పట్టీ కమిటీ ముందు విప్పండి, బయటివాళ్ల చేతికి ఇవ్వకండి. ఆయనకు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకోమనండి. మండల స్థాయిలో రుసుము 5 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. వీడియో విషయం పాప తల్లిదండ్రులు రాసిస్తే బలంగా ఉంటుంది.

జవాబు (ఉపాధ్యాయ సంఘం బాధ్యుడు):
పోలీసుల గురించి ఎవరూ అనలేదు. చేయి చేసుకుంటేనో, బలప్రయోగంతో విధులు అడ్డుకుంటేనో భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ ఉంది. ఉత్త కేకలకు దాన్ని వాడకండి, తేలిపోతారు. ఇలాంటి నాయకులు రాజకీయ సభకు జనాన్ని తోలమంటే విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చూపండి: బోధన కాని పనుల్లో జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మాత్రమే టీచరుకు అప్పగించవచ్చు. ఇంకొకటి, మనవాళ్లకు కోపం వచ్చినా సరే. బదిలీల కాలంలో సిఫారసు లేఖల కోసం ఇదే నాయకుల అరుగుల మీద కూర్చునేది మనమే. అక్కడ కాఫీ తాగినవాడు ఇక్కడ తలుపు ఎలా మూస్తాడు?

ప్రశ్న అడిగిన టీచరు (పది రోజుల తర్వాత):
ఎంఈఓ గారికి రాసి ముద్ర వేయించుకున్నాను. శనివారం సమావేశానికి 15 మంది తల్లిదండ్రుల్లో 9 మంది వచ్చారు. నాయకుడు గారూ వచ్చారు. పుస్తకంలో సంతకం చేయమంటే నవ్వి, గుమ్మం దగ్గరే నిలబడ్డారు. వంట ఆవిడ మీద ఒక్క కాగితమూ రాలేదు. సాంబారు నీళ్లలా ఉంటోందని మాత్రం ఇద్దరు తల్లులు అన్నారు, తీర్మానంలో రాశాం. ఆవిడే వండుతున్నారు. వీడియో సంగతి ఎత్తగానే ఆ పాప తల్లి లేచారు. ఆయన్ను తిడతారనుకున్నాను. "అది సరే మేడం, మా పిల్లకు మూడో ఎక్కం ఎప్పుడు వస్తుంది?" అని నన్ను అడిగారు. దసరా సెలవుల లోపు అన్నాను. దాన్ని కూడా తీర్మానాల పుస్తకంలో రాయమన్నారు.