వియత్నామీస్ రెస్టారెంట్‌లో పది మంది డిన్నర్, వైన్ మేమే తీసుకెళ్లాలి. ఏవి కొనమంటారు?

శుక్రవారం బ్యాచ్:
మా టీమ్‌లో ఒకావిడ ఉద్యోగం మారుతున్నారు. సెండాఫ్ డిన్నర్ ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. వియత్నామీస్ తిండి ఆవిడకి ప్రాణం కాబట్టి చోటు విషయంలో గొడవ లేదు. గొడవంతా వైన్ దగ్గరే. బయటి నుంచి తెచ్చుకోనిస్తారు, సీసాకి ఇంత అని కార్కేజ్ కట్టాలి. మా మేనేజర్ గారి లెక్కలో చిక్కటి రెడ్ వైన్ ఒక్కటే వైన్, మిగతావన్నీ షర్బత్తులు. "బీఫ్ ఉంది కదా, కాబెర్నే సొవిన్యోన్ తెచ్చెయ్" అని తేల్చేశారు. రోల్స్, బాన్ సేవో (బియ్యప్పిండి అట్టు), బో లుక్ లాక్ (బీఫ్ వేపుడు), చివర్లో ఫో (నూడుల్స్ చారు) చెబుదామనుకుంటున్నాం. ఇద్దరు మందు ముట్టరు, వాళ్లలో ఒకరు శాకాహారి. ఎన్ని సీసాలు, ఏ రకం? ఇలాంటివి ఎప్పుడూ చూసుకోలేదు, టెన్షన్‌గా ఉంది.

చల్లని సీసా:
బీరు చెప్పేసి హాయిగా కూర్చోండి బాస్. ఆ తిండికి వైన్ ఎందుకసలు?

సాసు గిన్నె:
బీరు బాగుంటుంది, కాదనను. కానీ వైన్ కుదరదంటే ఒప్పుకోను. వియత్నామీస్ రెస్టారెంట్‌లో సర్వీస్ చేసినవాణ్ణి, ఏ టేబుల్ మీద ఏ సీసా సగంలో మిగిలిపోతుందో రోజూ చూసేవాణ్ణి. ఎక్కువగా మిగిలేవి మీ మేనేజర్ గారి రకమే.

అందరూ మాంసాన్ని చూసి వైన్ ఎంచుతారు. ఇక్కడ చూడాల్సింది మధ్యలో పెట్టే చిన్న గిన్నెని, అదే నూక్ చామ్. ఫిష్ సాస్, నిమ్మరసం, పంచదార, నీళ్లు, వెల్లుల్లి, మిరపకాయ. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుగూ ఒకేసారి నాలుక మీద పడతాయి. దాని మీద వగరు రెడ్ వైన్ పోస్తే వగరు చేదుగా మారుతుంది. రెడ్ వైన్‌లో ఇనుము ఎక్కువగా ఉంటే నీచు వాసన కూడా పైకి లేస్తుంది. పైగా ఆల్కహాల్ ఎక్కువైతే మిరపకారం ఇంకా మండుతుంది. కాబెర్నే సాధారణంగా 13.5 శాతం పైనే ఉంటుంది.

అందుకని ఆల్కహాల్ తక్కువ, పులుపు బాగా, కాస్త తీపి ఉన్న వైట్ తీసుకోండి. నా ఓటు జర్మనీలోని మోజెల్ లోయ రీస్లింగ్‌కి, అందులో 'కాబినెట్' అనే తేలిక రకానికి. కొనేముందు లేబుల్ మీద ఆల్కహాల్ శాతం చూడండి. 8, 9 దగ్గర ఉంటే ద్రాక్ష తీపి కొంత మిగిలే ఉందని అర్థం, మీకు కావాల్సింది అదే. 12 ఉండి 'ట్రోకెన్' అని రాసి ఉంటే అది తీపి లేని రకం, పక్కన పెట్టండి. రీస్లింగ్ దొరక్కపోతే ఫ్రాన్స్‌లోని వూవ్రే నుంచి వచ్చే 'దెమి సెక్', అంటే కాస్త తీపి ఉండే షెనిన్ బ్లాన్ వైట్ కూడా సరిపోతుంది. గెవుర్ట్స్‌ట్రామినర్ అనే వైట్ చాలామంది చెబుతారు. లిచీ వాసన కమ్మగానే ఉంటుంది గానీ అందులో పులుపు తక్కువ, రెండో గ్లాసుకే మొహం మొత్తుతుంది.

వేయించిన రోల్స్‌కీ, బాన్ సేవోకీ ఒక బుడగల వైన్ పెట్టండి, నూనె జిడ్డు కడిగేస్తుంది. ఇంకో మాట. బాన్ సేవోని చేత్తో తుంచి, లెట్యూస్ ఆకులో పుదీనా, తులసి పెట్టి చుట్టి, సాసులో ముంచి తింటారు. వేళ్లకి నూనె, సాసు అంటుకుంటాయి. పల్చటి కాడ ఉన్న పొడుగు గ్లాసు ఆ చేతిలో జారిపోతుంది. కాడ లేని పొట్టి గ్లాసులు అడగండి, టేబుల్ మీద చోటూ కలిసొస్తుంది.

ఫోకి మాత్రం వైన్ వద్దు. పొగలు కక్కే చారు తాగిన నోటికి ఏ వైనైనా మంటగానే తగులుతుంది. సీసాలన్నీ అయ్యాక చిన్న గిన్నెల్లో తెమ్మనండి.

సీసా 750 మిల్లీలీటర్లు, 150 చొప్పున అయిదు గ్లాసులు. ఎనిమిది మందికి తలా మూడు అనుకుంటే అయిదు సీసాలు చాలు.

ఆకుకూర:
ఆ శాకాహారి సంగతి ముందే ఫోన్ చేసి చెప్పండి. కూరగాయల వంటకంలో కూడా ఫిష్ సాస్ పడుతుంది, ఫో చారు ఎముకలతో కాస్తారు. మెనూలో 'చాయ్' (chay, మన టీ కాదు) అని ఉన్నవి శాకాహారం, అయినా నోటితో అడిగి రూఢి చేసుకోండి. ముంచుకోవడానికి సోయా సాసు విడిగా తెమ్మనండి. మందు ముట్టనివాళ్లకి ఊరేసిన నిమ్మకాయతో చేసే సోడా చెప్పండి. ఉప్పగా, పుల్లగా ఆ తిండికి అచ్చంగా సరిపోతుంది. కోలా కంటే వెయ్యి రెట్లు నయం.

శుక్రవారం బ్యాచ్:
అందరికీ థాంక్స్ అండి. రీస్లింగ్ మూడు, బుడగలది ఒకటి అనుకుంటున్నా. అయిదోది మేనేజర్ గారి కోసం తప్పదు. అది కూడా వైట్ అంటే ఆయన మొహం చూడలేను.

సాసు గిన్నె:
అయిదోది బోజొలే తీసుకెళ్లండి. గమే ద్రాక్షతో చేసే రెడ్ వైన్, వగరు తక్కువ, కొంచెం చల్లగా తాగేదే. బో లుక్ లాక్ వచ్చినప్పుడు తీయండి. అందులో బీఫ్ ముక్కలు గట్టి మంట మీద వేగుతాయి, పక్కన ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం ఇస్తారు. ఆ ఒక్క ప్లేటు ముందు మీ మేనేజర్ గారి మాట నెగ్గుతుంది, నెగ్గనివ్వండి. కాబెర్నేనే కావాలని పట్టుబడితే అదీ ఆ ప్లేటు వచ్చినప్పుడే, ఆయన ముందే పెట్టండి.

ఫోన్ చేసినప్పుడు ఐస్ బకెట్లు రెండు సిద్ధంగా ఉంచమనండి. బయట నుంచి తెచ్చిన సీసాలకి వంటింటి ఫ్రిజ్‌లో చోటుండదు, ఆకులన్నీ అందులోనే ఉంటాయి.