స్టేషన్ మోడల్: 1:87లో కట్టాలా, 1:100లోనా?

కొత్త_పట్టా: మహబూబ్‌నగర్ లైనులో మా ఊరి చిన్న స్టేషన్, గూడ్స్ షెడ్డుతో సహా సొంతంగా కడదామని. పట్టాల మధ్య వెడల్పు (గేజ్) 16.5 మి.మీ., కొన్న ఇంజిన్, బోగీలు 1:87, అంటే అసలు సైజులో 87వ వంతు. భవనాలు ఏ స్కేలులో కట్టాలి?

టేపు_మాస్టారు: 1:100. ఇందులో చర్చకేముంది? మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ. వందతో భాగిస్తే 16.76, నీ పట్టాకు దాదాపు సరిపోయింది. 1:87 అయితే పట్టా 19 మి.మీ. దాటాలి. 16.5 అన్నది విదేశాల 1435 గేజ్ లెక్క.

గద్వాల్_కిట్లు: పట్టాల మధ్య వెడల్పు ఎవరు కొలుస్తారు మాస్టారూ? కంటికి కనబడేది తలుపు. ఏడడుగుల తలుపు 1:87లో 24.5 మి.మీ., 1:100లో 21. ఆ బోగీల పక్కన పెడితే స్టేషన్ మాస్టర్ బొమ్మ టోపీ తీసి లోపలికి పోవాల్సిందే.

నల్గొండ_సిగ్నల్: ఆ లైను తొంభైల దాకా మీటర్ గేజే కదా, పట్టాల మధ్య 1000 మి.మీ. మాత్రమే. ఆ రోజులు చూపించాలంటే 1:87కి 12 మి.మీ. పట్టా కావాలి. ఇద్దరూ తప్పే 😄

టేపు_మాస్టారు: తలుపు సంగతి తర్వాత, ముందు గోడ మందం చూడండి. 18 అంగుళాల రాతిగోడ 1:100లో కూడా 4.5 మి.మీ. రావాలి. కోసిన ముక్కలు అమ్మే కిట్లవాళ్లు 2 మి.మీ. షీటు ఒక్కటి పెట్టి కిటికీ అతికిస్తారు, పెళ్లికార్డులా ఉంటుంది. సన్‌బోర్డు (తేలికపాటి ప్లాస్టిక్ షీటు) రెండు పొరలు వేసి, కిటికీ లోపలి పొరకు పెడితేనే నీడ పడుతుంది. ఆ షెడ్డును ఎండలో నిలబడి, అక్కడివాళ్లతో మాటలు పడి, టేపుతో కొలిచినవాణ్ణి నేను.

గద్వాల్_కిట్లు: ఆయన అడిగింది స్కేలు, గోడ కాదు. ఈ పట్టింపుతోనే మీ దగ్గర ఒక్క స్టేషనూ పూర్తి కాలేదు.

రైలుపిచ్చోడు: పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

టేపు_మాస్టారు: పూర్తి కాకపోయినా నా చేతిది. మరి నీది? ఆ షెడ్డు డ్రాయింగు ఇక్కడ 1:100లో పెట్టింది నేను. బస్తాలు అడ్డముండి మూడో కిటికీని అందాజగా గీసి, పక్కన ప్రశ్నార్థకం వేశాను. నువ్వు 1:87కి పెంచి అమ్ముతున్న కిట్టులోనూ ఆ కిటికీ అచ్చం అంతే ఉంది. ప్రశ్నార్థకమే లేదు.

గద్వాల్_కిట్లు: అందరూ వాడుకోమనే కదా పెట్టారు! లేజర్ కటింగ్ ఖర్చు, షీటు ఖర్చు నాది.

టేపు_మాస్టారు: కట్టుకోమన్నా, అమ్ముకోమన్లేదు. పెట్టె మీద నా పేరన్నా వేశావా?

నల్గొండ_సిగ్నల్: అదీ సంగతి. నేనింకా గేజ్ గొడవ అనుకుంటున్నా.

గద్వాల్_కిట్లు: సరే, పేరు వేస్తా. కిటికీ అసలు కొలత ఇవ్వండి, అదీ మారుస్తా.

టేపు_మాస్టారు: నువ్వే పోయి కొలుచుకో. బస్తాలు నువ్వే జరుపుకో.