యూజబిలిటీ అవసరాలను అంకెల్లో రాయాలా, వద్దా?

ఉప్పల్_బీఏ

మా ఆఫీసులో తెగని పంచాయితీ ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కరెంటు బిల్లు, నీటి పన్ను కట్టుకునే యాప్ చేస్తున్నాం. ఒప్పంద పత్రంలో యూజబిలిటీ, అంటే వాడటానికి ఎంత సులువో, దాని గురించి ఉన్నది ఒకే ఒక్క ముక్క: "యాప్ యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి." తీరా అప్పగించే వేళకు క్లయింటు సులువుగా లేదంటున్నాడు, మా డెవలపర్లు ఇంతకన్నా సులువుగా ఎలా చేస్తామంటున్నారు. ఎవరిది ఒప్పో తేల్చడానికి ఆ వాక్యంలో ఏ ఆధారమూ లేదు.

అలాంటి వాక్యాలు పత్రంలో ఉండనే కూడదని నా వాదన. యూజబిలిటీపై ఐఎస్ఓ 9241-11 అనే అంతర్జాతీయ ప్రమాణం 1998లోనే వచ్చింది, 2018లో సవరించారు కూడా. ఫలానా మనుషులు, ఫలానా పని, ఫలానా పరిస్థితి అని ముందు తేల్చుకుని, ఆ తర్వాత మూడు చూడమంటుంది: పని పూర్తయిందా, ఎంత శ్రమ పట్టింది, వాడినవాళ్లకు తృప్తిగా ఉందా. దాన్ని బట్టి నేను రాసింది ఇది: "యాప్‌ను మొదటిసారి తెరిచిన, 50 ఏళ్లు దాటినవాళ్లు పదిమందిలో కనీసం ఎనిమిదిమంది, ఎవరి సాయమూ లేకుండా, 3 నిమిషాల్లో కరెంటు బిల్లు కట్టగలగాలి." టీమ్‌లో సగంమంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

కోడ్‌రాసేవాడు

నేను ఆ ఒప్పుకోని సగంలోవాణ్ని అనుకోండి. 3 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయండీ? 4 ఎందుకు కాకూడదు? పత్రంలో ఒకసారి అంకె పడితే టీమ్ మొత్తం దాని వెంటే పడుతుంది. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో టైము తగ్గించాలని, డబ్బు కట్టేముందు పేరు, సర్వీసు నంబరు చూపించి "ఇదేనా?" అని అడిగే తెర తీసేశారు. టైము తగ్గింది. పక్కింటివాళ్ల బిల్లు కట్టేసినవాళ్లు పెరిగారు. డబ్బు వ్యవహారంలో ఆ ఒక్కచోట మనిషి ఆగితేనే మంచిది.

ఇంకోటి, పదిమందిలో ఎనిమిదిమంది పాసైతే ఏం రుజువైనట్టు? గణాంకాల లెక్కన 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే, అసలు జనంలో ఆ శాతం 44 నుంచి 97 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అయిదుగురితో పరీక్షిస్తే చాలన్న యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ మాట కూడా లోపాలు పట్టుకోవడం గురించే. పాస్ మార్కులు వేయడానికి అది పనికిరాదు. కాబట్టి అంకెలు మానేసి, మనుషుల ముందు పెట్టి, ఎక్కడ తడబడుతున్నారో చూసి దిద్దుకుంటూ పోవడమే మేలు.

సర్వీస్‌సెంటర్_అక్క

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. జనానికి బిల్లులు కట్టిపెట్టే కౌంటర్‌లో కూర్చుంటాను. మీ ఇద్దరి మాటల్లో లేనిది ఒకటి రోజూ నా కళ్లముందు జరుగుతుంది, అది చెప్తాను.

పెద్దాయన యాప్‌లో నంబరంతా కొడతాడు. ఓటీపీ వస్తుంది. పైన కనిపించిన మెసేజ్ చదివేలోపే మాయమవుతుంది. మెసేజ్‌ల్లోకి వెళ్లి, ఆరు అంకెలు నోట్లో అనుకుంటూ తిరిగి వస్తాడు. వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటికి వచ్చి ఉంటుంది, కొట్టిందంతా పోయి ఉంటుంది. రెండోసారీ అలాగే అయితే ఇక ఫోన్ నా చేతికిచ్చి "నువ్వే కట్టమ్మా" అంటాడు. పిన్ కూడా పైకే చెప్పేస్తాడు, లైన్‌లో అందరూ వింటుండగా.

దీనికి 3 నిమిషాలా, 4 నిమిషాలా అన్న లెక్క ఎందుకు సార్? "మెసేజ్ చూసుకుని తిరిగొస్తే కొట్టింది కొట్టినట్టే ఉండాలి" అని రాయండి. అది ఉందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు.

టెస్టింగ్_విశాఖ

అక్క చెప్పిన వాక్యం మా పత్రాల్లో కనిపించే చాలా వాక్యాలకన్నా బాగుంది. అలాంటివి కొన్ని, వెబ్‌సైట్లను వైకల్యం ఉన్నవాళ్లూ వాడగలిగేలా చేయడానికి రాసిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో సిద్ధంగానే ఉన్నాయి. పేజీకి పెట్టిన గడువు అయిపోయేముందు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. అక్షరాలు 200 శాతం పెంచినా చదవగలగాలి.

ఈ చివరిదాన్ని తెలుగులో ప్రత్యేకంగా పరీక్షించాలి. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా పెట్టేస్తారు. ఫోన్‌లో అక్షరాల సైజు పెంచగానే "చెల్లించు"లో ల కింద ఒత్తు కోసుకుపోతుంది, పైన గుడులు, ఏత్వాలు అంచుకు తగిలి సగమే కనిపిస్తాయి. అక్షరాలు పెంచుకునేది చూపు తగ్గినవాళ్లే కదా, సరిగ్గా వాళ్లకే తెర పాడవుతోంది. "సైజు ఎంత పెంచినా ఒత్తులు, గుడులు తెగకూడదు" అన్నది పత్రంలో ఉండాల్సిన షరతు. పాపం డెవలపర్‌కు ఎవరూ చెప్పరు.

అయితే ఇవన్నీ యంత్రం ఏం చేయాలో చెప్పే షరతులు. మనిషి పని అయిందా లేదా అన్నది వీటితో తేలదు. ఓటింగ్‌లో వీవీప్యాట్ చీటీ 7 సెకన్లు కనిపిస్తుంది, ఆ లెక్క యంత్రానిది. ఆ 7 సెకన్లలో ఓటరు చీటీ చూసి, తన ఓటు తాను వేసినవాళ్లకే పడిందని సరిచూసుకోగలిగారా అన్నది వేరే ప్రశ్న. దానికి ఓటర్లనే కూర్చోబెట్టి చూడాలి. అందుకే ఉప్పల్ గారి రకం వాక్యం కూడా కావాలంటాను.

ఉప్పల్_బీఏ

అందరికీ థాంక్స్. అక్క చెప్పినదీ, ఒత్తుల సంగతీ ఉన్నవి ఉన్నట్టు పత్రంలోకి ఎక్కిస్తున్నాను. అంకెను మాత్రం వదలను. లెక్కపెట్టేదాన్ని మారుస్తాను: టైముకు బదులు తప్పులు. "వేరేవాళ్ల సర్వీసు నంబరుకు డబ్బు కట్టినవాళ్లు పరీక్షలో ఒక్కరూ ఉండకూడదు. ఉంటే ఆ తెర మార్చి మళ్లీ పరీక్షించాలి." ఇప్పుడున్న పద్ధతిలో బిల్లు కట్టడానికి ఎంత టైము పడుతోందో ముందు కొలుస్తాం. కొత్త యాప్‌లో అంతకన్నా ఎక్కువ పట్టకూడదు, అంతే. 3 నిమిషాలు తీసేశాను.

కోడ్‌రాసేవాడు

టైము సంగతి ఒప్పుకుంటున్నాను. "ఒక్కరూ ఉండకూడదు" దగ్గర మాత్రం జాగ్రత్త. పదిమందిలో ఎవరూ తప్పు చేయలేదంటే రేపు లక్షమందిలో చేయరని కాదు. పరీక్షకు ఎంతమంది రావాలి, వాళ్లను ఎవరు తీసుకురావాలి, ఖర్చు ఎవరిది, ఈ మూడూ అదే పేరాలో రాయండి. అవి లేకపోతే ఆఖరి వారంలో ఆఫీసు కుర్రాళ్లనే కూర్చోబెట్టి పాస్ చేసేస్తారు.

సర్వీస్‌సెంటర్_అక్క

మనుషులు కావాలంటే మా కౌంటర్‌కు రండి. నెల మొదటి వారంలో పొద్దున్నే వస్తే లైన్ ఉంటుంది. వాళ్ల ఫోన్లలోనే చూడండి, మీ ఫోన్లు ఇవ్వకండి.