రాడార్ ప్రొఫైల్‌లో 9 మీటర్ల దగ్గర లేని వస్తువు కనిపిస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎంటెక్ చివరి సెమిస్టర్ చదువుతున్నాను. రెండు వారాలుగా ఒకే చోట ఆగిపోయాను, చాలా టెన్షన్‌గా ఉంది. కాలేజీ టెర్రస్ మీద వీఎన్ఏకి (ఒక్కో ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ పంపి, తిరిగి వచ్చిన దాని బలాన్నీ, ఫేజ్‌నీ, అంటే తరంగం ఏ దశలో ఉందో, కొలిచే పరికరం) రెండు హార్న్ యాంటెన్నాలు కలిపి, 9 నుంచి 10 గిగాహెర్ట్జ్ దాకా 10 మెగాహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున 101 ఫ్రీక్వెన్సీల్లో కొలిచాను. రాణిగంజ్‌లో అల్యూమినియం రేకు కొని చేసిన కార్నర్ రిఫ్లెక్టర్లు రెండు, 4 మీటర్ల దగ్గర ఒకటి, 4.6 దగ్గర ఒకటి పెట్టాను. ఫ్రీక్వెన్సీ కొలతలను ప్రొఫైల్‌గా, అంటే ఏ దూరంలో ఎంత ప్రతిఫలనం ఉందో చూపే గ్రాఫ్‌గా, మార్చే మామూలు ఐఎఫ్ఎఫ్టీ లెక్కలో రెండూ బాగానే కనిపిస్తున్నాయి. తక్కువ ఫ్రీక్వెన్సీలతో అదే ప్రొఫైల్ రాబట్టాలన్నది ప్రాజెక్టు. మూడింటికి ఒకటి చొప్పున 34 తీసుకుని, కొలతలకు సరిపడే పాయింట్లను ఒక్కొక్కటిగా ఎంచుకునే ఓఎంపీ అల్గారిథమ్ నడిపితే 9, 9.6 మీటర్ల దగ్గర కూడా పీక్‌లు వస్తున్నాయి. అటువైపు పిట్టగోడ ఉంది. దానివల్లేనా? ఇంకొకటి, గ్రిడ్ (వెతికే దూరాల మధ్య ఎడం) 5 సెంటీమీటర్లు పెట్టాను కాబట్టి రిజల్యూషన్ (రెండు వస్తువులను విడిగా చూపగల కనీస ఎడం) 5 సెంటీమీటర్లని రాయవచ్చా?

జవాబు:
తమ్ముడూ, పిట్టగోడ కాదు. 4కి 5 కలిపితే 9, 4.6కి 5 కలిపితే 9.6. గోడ అయితే నీ రిఫ్లెక్టర్ల మధ్య ఉన్న 60 సెంటీమీటర్ల ఎడాన్ని అచ్చుగుద్దినట్టు చూపించదు కదా. నమ్మకం కుదరకపోతే ఒక రిఫ్లెక్టర్‌ని 30 సెంటీమీటర్లు వెనక్కి జరుపు, దూరంగా ఉన్న పీక్ కూడా అంతే జరుగుతుంది.

మూడింటికి ఒకటి తీసుకున్నప్పుడు ఫ్రీక్వెన్సీల మధ్య ఎడం 30 మెగాహెర్ట్జ్ అయింది. కాంతి వేగాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే 5 మీటర్లు. అంటే 4 మీటర్ల కాలమ్ (అక్కడ వస్తువు ఉంటే రావాల్సిన కొలతల వరుస), 9 మీటర్ల కాలమ్ ఒక స్థిరమైన ఫేజ్ తేడా మినహా ఒకటే. ఇక ఓఎంపీ వాటిని ఎలా వేరు చేస్తుంది? ఏ అల్గారిథమ్ పెట్టినా ఇంతే, కోడ్‌లో తప్పు వెతకకు.

మళ్లీ కొలవనక్కర్లేదు. 101 ఫ్రీక్వెన్సీల డేటా నీ దగ్గరే ఉంది. అందులోంచి 34 యాదృచ్ఛికంగా ఎంచుకో, కానీ మొదటిదీ చివరిదీ తప్పకుండా ఉంచు, లేకపోతే బ్యాండ్‌విడ్త్ (మొత్తం ఫ్రీక్వెన్సీ వెడల్పు) తగ్గుతుంది. మిగిలిన 67ని పారేయకు. వచ్చిన ప్రొఫైల్‌తో ఆ 67 ఎలా ఉండాలో లెక్కకట్టి, కొలిచిన వాటితో పోల్చి చూడు. నా దృష్టిలో ఈ ప్రాజెక్టుకి ఇంతకంటే నిజాయితీ గల పరీక్ష లేదు. బొమ్మ అందంగా వచ్చినంత మాత్రాన సరిగ్గా వచ్చినట్టు కాదు.

ఓఎంపీని ఎన్ని పాయింట్ల దగ్గర ఆపాలో నువ్వు ఊహించి పెట్టవద్దు. ఒకే దృశ్యాన్ని రెండుసార్లు కొలిచి తేడా తీస్తే నాయిస్ ఎంతో తెలుస్తుంది, ఎంచుకున్న పాయింట్లతో వివరించలేని మిగులు ఆ స్థాయికి దిగగానే ఆపు. రిఫ్లెక్టర్లు తీసేసి ఖాళీ టెర్రస్‌నూ ఒకసారి కొలిచి, ఫేజ్‌తో సహా తీసివేయి. గోడా, నీళ్ల ట్యాంకూ చాలావరకు పోతాయి.

రిజల్యూషన్ మాట మాత్రం అలా రాయకు. 1 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కి అది 15 సెంటీమీటర్లు. గ్రిడ్ సన్నగా పెట్టడం స్కేలు మీద గీతలు పెంచడం లాంటిదే. పైగా మరీ సన్నగా పెడితే పక్కపక్క కాలమ్‌లు ఒకేలా తయారై ఓఎంపీ తడబడుతుంది. ఒంటరి పాయింట్ ఎక్కడుందో 15 సెంటీమీటర్ల కంటే చాలా కచ్చితంగా చెప్పవచ్చు, దానికి హద్దు 1945లో గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు చూపించారు. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్‌లో సంస్థ ఉన్నది ఆయన పేరు మీదే. అయితే రెండు దగ్గరి పాయింట్లను విడదీయడం వేరే సమస్య. రిఫ్లెక్టర్లను 10 సెంటీమీటర్ల ఎడంలో పెట్టి విడదీసి చూపించు, అప్పుడు రాయి.

మళ్లీ ప్రశ్న:
అక్కా, చాలా థ్యాంక్స్. యాదృచ్ఛికంగా తీసుకోగానే 9, 9.6 రెండూ పోయాయి! గేటులోంచి లోపలికి వచ్చే కారుని కూడా ఇలాగే కొలవవచ్చా?

జవాబు:
ఈ సెటప్‌తో వద్దు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు. కారు 7.5 మిల్లీమీటర్లు కదిలితే ఫేజ్ 180 డిగ్రీలు మారుతుంది. గంటకి 36 కిలోమీటర్ల వేగంలో అందుకు ముప్పావు మిల్లీసెకను చాలు, నీ వీఎన్ఏ స్వీప్ అంతలోపల అవ్వదు. ముందు ఇంజిన్ ఆపి పార్క్ చేసిన కారుతో చెయ్యి. కారు రెండు చుక్కలు కాదు, వంపు తిరిగిన రేకులు చాలా ఉంటాయి కాబట్టి 34 ఫ్రీక్వెన్సీలు సరిపోకపోవచ్చు. 67తో పోల్చే పరీక్ష అక్కడా చెయ్యి.