పళ్ళు తోమాక నీళ్ళతో పుక్కిలించొద్దట, ఇదెక్కడి చోద్యం?

నరసాపురం లేసు:
మా ఆడపడుచు కూతురికి దవడపన్ను పుచ్చి రాత్రంతా ఒకటే సలుపు. పళ్ళ డాక్టరమ్మ పుచ్చు తీసి సిమెంటు పెట్టి, మేం లేచేముందు ఓ మాటంది: రాత్రి పేస్టుతో తోమించి నురగ ఉమ్మేయించండి చాలు, నీళ్ళతో పుక్కిలించనివ్వకండి అని. ఇంటికొచ్చి చెప్పానో లేదో మా అత్తగారు అంతెత్తున లేచారు, నోరు కడుక్కోకుండా పక్కెక్కడం ఏం పద్ధతి అని. మావారు ఎటూ మాట్లాడకుండా నవ్వుతూ కూర్చున్నారు. నిజంగా ఇలాగే చెయ్యాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తణుకు తాతగారు:
పేస్టు వచ్చాకే ఈ బాధలన్నీ తల్లీ. మా రోజుల్లో పొద్దున్నే కాలవగట్టుకి వెళ్ళి పచ్చి వేపపుల్ల విరిచి, కొస నమిలి కుచ్చు చేసుకుని తోముకునేవాళ్ళం, ఆనక దాన్నే నిలువునా చీల్చి నాలుక గీసుకుని శుభ్రంగా పుక్కిలించేవాళ్ళం. ఇవాళ్టికీ చెరుకుగడ పళ్ళతోనే చీలుస్తాను. పేస్టులో ఫ్లోరైడ్ ఉంటుంది, నల్గొండ వాళ్ళ ఎముకలు ఏమయ్యాయో అందరం చూశాం. దాన్ని నోట్లో ఉంచుకుని పడుకోమంటే ఎలాగమ్మా?

కొత్తపేట కొబ్బరిబొండం:
తాతగారూ మీ పళ్ళకి నమస్కారం, కానీ నల్గొండని ఇందులోకి లాగకండి. అక్కడ రాళ్ళలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కలిసింది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరునీళ్ళని ఏళ్ళ తరబడి తాగితే, వంటకీ వాడితే వచ్చే జబ్బు అది. మన పక్క మంచినీళ్ళ చెరువులు నింపేది ధవళేశ్వరం నుంచి వచ్చే కాలవ నీళ్ళతో. పైగా పేస్టు మింగేది కాదు, ఉమ్మేసేది.

ఇక అసలు సంగతి. మనం పూతరేకో కాజాయో తింటాం, పళ్ళ మీద పాచిలో ఉండే సూక్ష్మక్రిములకి ఆ తీపి దొరుకుతుంది, అవి దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. నోట్లో పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువన్నమాట) సుమారు 5.5 కంటే దిగితే ఎనామిల్‌లోంచి, అంటే పన్ను పైనుండే గట్టిపొరలోంచి ఖనిజం కరగడం మొదలవుతుంది. మళ్ళీ లాలాజలమే దాన్ని కొంత పూడుస్తుంది, ఆ పూడ్చే పనికి ఫ్లోరైడ్ సాయం. రాత్రి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పడుకునేముందు తోమడమే ముఖ్యం, మన ఇళ్ళల్లో మానేసేది సరిగ్గా అదే. ట్యూబు వెనక చూడండి, ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని, అంటే పదిలక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళని ఉంటుంది, అంత పెట్టి తోమి వెంటనే చెంబుడు నీళ్ళతో పుక్కిలిస్తే ఆ మందు కాస్తా సింకులోకే పోతుంది. డాక్టరమ్మది సొంత కవిత్వం కాదు, బ్రిటన్‌లో ప్రభుత్వ వైద్య సేవ వాళ్ళు కూడా ఉమ్మేయండి, పుక్కిలించకండి అనే చెబుతారు.

పాలకొల్లు పిన్ని:
చదువుకున్నవాళ్ళు చెప్పారు సరే బాబూ, నోరంతా జిగటగా, మంటగా ఉంటే నిద్రెలా పడుతుంది? పొద్దున్న సంగతి మరీనూ. పాచినోరు కడుక్కోకుండా దేవుడి గదిలోకి ఎలా వెళ్ళమంటావు?

కొత్తపేట కొబ్బరిబొండం:
ఆయ్, దానికీ మార్గం ఉందండి పిన్నిగారూ. పుక్కిలించడం ముందే కానిచ్చేయండి, తర్వాత తోముకుని నురగంతా పూర్తిగా ఉమ్మేసి మూతి కడుక్కోండి. మంటగా ఉంటే పేస్టు తగ్గించండి. బ్రష్ పొడుగునా వేసేది టీవీ ప్రకటనలోనే, పెద్దవాళ్ళకి కూడా అంత అక్కర్లేదు.

రాజోలు రామచిలుక:
నీళ్ళ గురించి ఇంత కొట్టుకుంటున్నారు, తోమే తీరు గురించి ఒక్కరూ మాట్లాడరేంటండీ. మా నాన్నగారు గట్టి బ్రష్ కొని, ఇత్తడి బిందె తోమినట్టు అడ్డంగా రుద్దేస్తారు, నెల తిరక్కుండా కుచ్చు విచ్చుకుపోతుంది. ఇప్పుడు చిగుళ్ళు కిందికి జారి, పన్ను మొదట్లో గోరు పట్టేంత గాడి పడింది, చల్లటి బొండం నీళ్ళు తాగితే జివ్వుమంటుంది ఆయనకి. మెత్తటి బ్రష్ చిగురూ పన్నూ కలిసేచోట ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల్లో ఆనించి చిన్నచిన్నగా కదపాలి, లోపలివైపు కూడా, మొత్తం రెండు నిమిషాలు. గార పట్టేది ఎక్కువగా కింద ముందుపళ్ళ వెనకాలే, అక్కడికి ఎవరి బ్రషూ వెళ్ళదు. ఉప్పూ, బొగ్గూ, పిడకల కచ్చికా వేసి రుద్దేవాళ్ళకైతే ఏం చెప్పినా దండగే.

తణుకు తాతగారు:
కచ్చిక గురించి తేలిగ్గా మాట్లాడకు నాయనా. మన వేపపుల్లనైతే ప్రపంచ ఆరోగ్య సంస్థే ఒప్పుకుందని మా మనవడు చెప్పాడు.

కొత్తపేట కొబ్బరిబొండం:
ఒప్పుకున్నది మిస్వాక్ పుల్లని తాతగారూ, అరబ్బు దేశాల్లో పళ్ళు తోముకునే వేరే చెట్టు పుల్ల అది, 1986లో, అలవాటున్నచోట వాడుకోవచ్చని. వేపపుల్లని నేనూ తీసిపారెయ్యను, ముందుపళ్ళ వరకు పాచి బాగానే తీస్తుంది. దవడపళ్ళ లోపలివైపుకి తిప్పడమే కష్టం, ఫ్లోరైడ్ మాట సరేసరి. పొద్దున పుల్ల వేసుకోండి, రాత్రి పేస్టు వాడండి, ఎవరు కాదన్నారు. అన్నట్టు ఆ లంకపొగాకు చుట్ట మానేశారా లేదా? చిగుళ్ళకి పేస్టు చేసే చెరుపు ఏమో గానీ, అది చేసేది మాత్రం ఖాయం. పొగాకు కలిపిన పళ్ళపొడిని మనదేశంలో 1992లోనే నిషేధించారు.

తణుకు తాతగారు:
చుట్ట ఊసు ఇప్పుడెందుకు.

నరసాపురం లేసు:
చిన్నపిల్ల కదా, నురగ మింగేస్తే? దానికింకా అయిదో ఏడు.

రాజోలు రామచిలుక:
బఠాణీ గింజంత పేస్టు చాలండి ఆ వయసుకి, మూడేళ్ళ లోపువాళ్ళకైతే బియ్యపు గింజంత. పెద్దవాళ్ళు పక్కనుండి తోమి, వంచి ఉమ్మేయించాలి. ట్యూబు మాత్రం అందనివ్వకండి, తియ్యగా ఉందని నాకేస్తారు.

నరసాపురం లేసు:
ఇవాళ రాత్రి నేనే తోమి పడుకోబెడతా. మా అత్తగారికి మాత్రం పిన్నిగారికి చెప్పినట్టు ముందు పుక్కిలించే పద్ధతి చెప్పాను, అప్పటిదాకా ససేమిరా అన్నావిడ "అదైతే పర్లేదు" అన్నారు.