తురమాయుడా, తులమయుడా? పదమూడవ శిలాశాసనంలో ఒక అక్షరం

లిపిప్రియ: అశోకుని పదమూడవ శిలాశాసనంలో గ్రీకు రాజుల పేర్లు చెప్పే ఒక వాక్యం కొంతకాలంగా నాలుక చివర ఆడుతూ, పూర్తిగా పలకకుండా సతాయిస్తున్నది. ‘పరం చ తేన చత్పారో రాజానో తురమాయో చ అంతేకిన చ’ అన్నంతవరకు వస్తుంది; తరువాతి పేరు ‘మగా’నో ‘మకా’నో తేలక అక్కడ ఆగిపోతుంది. దానికంటె నన్ను ఎక్కువగా వేధిస్తున్నది తురమాయ శబ్దంలోని రేఫ, అంటే రకారం. ఆ పేరు ఈజిప్టు రాజు ప్తొలెమీది. అలెగ్జాండ్రియా నుంచి ఈజిప్టును ఏలిన లాగస్ వంశపు రాజులందరి పేరూ ప్తొలెమాయొస్. అందులో ఉన్నది లకారమే కదా, ఈ రేఫ ఎక్కడి నుంచి వచ్చి చేరింది?

గవ్వలదండ: ఈ శాసనాన్ని చాలాచోట్ల బండల మీద చెక్కించారు; మీకు గుర్తున్నది గుజరాత్‌లోని గిర్నార్ పాఠం కాబట్టి ‘మగా చ’ అనే చదువుకోండి. ఉత్తరాన కాల్సీలోనూ, వాయవ్యాన గాంధారంలోని షాబాజ్‌గఢీలోనూ మాత్రం అది ‘మకా’, ‘మక’. ఇక రేఫ సంగతి అంటారా, రలయోరభేదః, అంటే ర, లలకు భేదం లేదని పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. రెండవ ప్తొలెమీ పేరును మనవాళ్ళు తమ నోటికి అనువుగా మార్చుకున్నారు, అంతే.

పైశాచి: గవ్వలదండ గారూ, రలయోరభేదః అనడం ప్రశ్నను దాటవేయడమే అవుతుంది, ఎందుకంటే ఆ సూత్రం రెండు వైపులా తలుపు తీసి ఉంచుతుందే తప్ప ఎవరు ఏ వైపుకు నడిచారో చెప్పదు. కాల్సీ పాఠం ‘తులమయే’ అంటుంది, అంటే గ్రీకు లకారం అక్కడ చెక్కుచెదరలేదు. గిర్నార్ ‘తురమాయో’ అంటుంది, షాబాజ్‌గఢీ ‘తురమయే’ అంటుంది. నా ఊహ ఇది. పాటలీపుత్రం నుంచి వెళ్ళిన మూలప్రతి మగధ ప్రాంతపు ప్రాకృతమైన మాగధిలో ఉండి ఉంటుంది, దానిలో రాజా ‘లాజా’, పరం ‘పలం’. పడమటి లేఖకుడు తన ప్రాంతపు వాళ్ళకు అర్థం కావాలని లాజాను రాజాగా, పలాన్ని పరంగా దిద్దుకుంటూ పోయి, అదే ఊపులో తులమయుణ్ణి కూడా తురమాయుణ్ణి చేశాడు. ఆ రేఫ గ్రీకుది కాదు, మాగధిదీ కాదు. అతిజాగ్రత్తపరుడైన ఒక లేఖకుడిది. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండ మీది భాష కూడా లాజా అనే కాల్సీ వైపే మొగ్గుతుందని ఇక్కడ గుర్తు చేయనక్కరలేదు.

గవ్వలదండ: వినడానికి ముచ్చటగానే ఉంది. కాని అదే షాబాజ్‌గఢీలో ‘అలికసుదరో’ అన్న పేరు, అంటే అలెగ్జాండర్ అనే నాలుగో రాజు పేరు, ఉన్నదే, దాన్ని ఏం చేస్తారు? కాల్సీ ‘అలిక్యషుదలే’ అన్నచోట ఆ లేఖకుడు చివరి లకారాన్ని మాత్రమే రేఫగా మార్చి, మొదటి లకారాన్ని ముట్టుకోలేదు. గ్రీకు అలెక్సాండ్రొస్‌లోనూ సరిగ్గా అలాగే ఉంటుంది. మీరు చెప్పే అతిజాగ్రత్తపరుడైతే ‘అరికసుదరో’ అని చెక్కి ఉండవలసింది. ఆ మాటకొస్తే కలింగాన్ని కూడా కరింగం చేసి ఉండవలసింది.

పైశాచి: ఎదురవుతుందని నేను చూస్తున్న ఆక్షేపణే ఇది. కలింగం ఎరిగిన పేరు కనుక దాని జోలికి పోలేదు. అలెగ్జాండర్ పేరు గాంధారంలో తెలియనివాళ్ళు ఉండరు, అందుకని అదీ సరిగ్గానే వచ్చింది. నైలునది ఒడ్డున ఉన్న రాజు పేరు మాత్రం ఆ లేఖకుడికి కొత్తది, కొత్త మాట దగ్గరే అతిదిద్దుబాటు జరుగుతుంది. గిర్నార్‌లో దీన్ని సరిపోల్చుకునే వీలు కూడా లేదు, ‘మగా చ’ తరువాత రాయి దెబ్బతిని నాలుగో పేరు పోయింది.

తాటాకు: ప్తొలెమీ పేరు మనవాళ్ళకు అంత కొత్తదని నేను ఒప్పుకోను. ఫిలడెల్ఫొస్ అనే బిరుదున్న ఈ రెండవ ప్తొలెమీ డయొనీసియస్ అనే వ్యక్తిని భారతదేశానికి పంపాడని రోమన్ పండితుడు ప్లినీ రాశాడు, శాసనంలోనూ అశోకుని దూతల ప్రస్తావన ఉంది. అయితే డయొనీసియస్ వెళ్ళి ఉంటే రాజధాని పాటలీపుత్రానికే వెళ్ళి ఉంటాడు, గిర్నార్‌కు కాదు కనుక పైశాచి గారి వాదం ఇంకా బతికే ఉంటుంది. మీరిద్దరూ వదిలేసిన పకారాన్ని నేను పట్టుకుంటాను. ప్తొలెమాయొస్‌కు మూలం ‘ప్తొలెమొస్’, అంటే యుద్ధం. అది హోమర్ కావ్యాల్లో కనిపించే రూపం, మామూలు గ్రీకులో ‘పొలెమొస్’. ప్రాకృతం సాధారణంగా పదాది సంయుక్తాన్ని, అంటే మాట మొదట్లో జంట హల్లును, సహించదు. స్థిరము తిరమైనట్టు ఇక్కడా మొదటి హల్లు జారిపోయి తకారం మిగిలింది. మామూలు రూపమే అశోకుని చెవిన పడి ఉంటే, ఈనాడు మనం ‘పులమయ’ గురించి కొట్టుకునేవాళ్ళం.

మాకంద: తులమయుడి వెంటపడి ‘మగా’ను, అంటే మగస్‌ను, మరిచిపోతున్నారు. ఈ మగస్ ఉత్తర ఆఫ్రికాలోని గ్రీకు నగరం సైరీన్‌ను ఏలినవాడు, రెండవ ప్తొలెమీకి తల్లి వైపు సోదరుడు. అతని కూతురు బెరెనీకె మూడవ ప్తొలెమీని పెళ్ళాడి, భర్త సిరియా యుద్ధం నుంచి క్షేమంగా తిరిగి వస్తే తన కురుల పాయను దేవతకు సమర్పిస్తానని మొక్కుకున్నది. ఆ పాయ గుడిలోంచి మాయమైతే, కోనన్ అనే ఖగోళజ్ఞుడు దాన్ని నక్షత్రాల మధ్య చూపించాడు. దాని మీద కావ్యం చెప్పినవాడు కల్లిమఖస్, అతనిదీ సైరీనే. కురులపాయ చేతనే మాట్లాడించిన ఆ ఒడుపు ఎంత గొప్పదంటే, రెండు శతాబ్దాల తరువాత రోమన్ కవి కతుల్లుస్ దాన్ని లాటిన్‌లోకి తెచ్చుకున్నాడు. సాక్షాత్తు ఆ బెరెనీకె తండ్రి పేరు మన కర్నూలు జిల్లా బండ మీద ఉన్నదంటే, రేఫ లకారాల తగాదా నాకు చిన్నదిగా కనిపిస్తుంది.

గవ్వలదండ: కల్లిమఖస్ మీద ఇష్టం ఉండవలసిందే. కాని మగస్‌ను తెచ్చి మాకంద గారు తెలియకుండానే పైశాచి గారికి చిక్కు తెచ్చిపెట్టారు. గ్రీకులో ఆ పేరులో ఉన్నది గకారం; కాల్సీ దాన్ని ‘మకా’ చేసింది. అదే శాసనంలో చెప్పిన మరొక గ్రీకు రాజు అంతియొఖొస్ పేరులో ఉన్నది ఖకారం. కాల్సీ దాన్ని ‘అంతియోగే’ చేసింది. గకారం ఉన్నచోట కకారమూ, లేనిచోట గకారమూ చెక్కిన చేతిని నమ్మి, తులమయలోని లకారం ఒక్కటీ అచ్చమైన గ్రీకు ఉచ్చారణ అని ఎలా అంటాం? మాగధిలో రేఫ అంతా ఎలాగూ లకారమే అవుతుంది. మూలంలో రేఫ ఉన్నా అక్కడ తులమయే అనే చెక్కేవారు. సరైన అక్షరం కేవలం కాకతాళీయంగా కుదిరి ఉండవచ్చు.

పైశాచి: మూలం గ్రీకు పేరే అయినప్పుడు దానిలో రేఫ ఉండే ప్రసక్తి ఎక్కడిది? కాకతాళీయమనే మాట వాడాలంటే మధ్యలో మరొక నోరు, బహుశా ఇరానీ నోరు, పేరును ముందే మార్చి అందించిందని మీరు చూపాలి.

గవ్వలదండ: సిరియా, ఇరాన్‌లను ఏలిన సెల్యూకస్ వంశీయుల రాజ్యం దాటకుండా ఈజిప్టు పేరు భూమార్గాన మనదాకా రాదు. ఆ దారంతా పారసీక లేఖకులే. నోరు ఎవరిదో వేరే చూపనక్కరలేదు.

లిపిప్రియ: ‘మగా’ విషయం తేలినందుకు కృతజ్ఞతలు. రేఫ విషయంలో ఎవరి పక్షానా చేరలేను గాని, ఎవరూ పట్టించుకోని దీర్ఘం ఒకటి మిగిలింది. ప్తొలెమాయొస్‌లో ‘మా’ దగ్గర ఉన్నది ద్విస్వరం, గిర్నార్ దాన్ని దీర్ఘంతో ‘తురమాయో’ అని నిలిపింది. కాల్సీ ‘మయే’ అని హ్రస్వం చేసింది. షాబాజ్‌గఢీది ఖరోష్ఠీ లిపి, ఆ లిపిలో హ్రస్వదీర్ఘ భేదం చూపరు కనుక ఆ సాక్ష్యం చెల్లదు. పేరు తెలియక ఒక హల్లును తప్పు దిద్దాడని పైశాచి గారు అంటున్న గిర్నార్ లేఖకుడే, ముగ్గురిలోనూ అచ్చును సరిగ్గా నిలిపినవాడు.

పైశాచి: అచ్చు సరిగ్గా ఉన్నది మూలప్రతిలో కావచ్చు, కాల్సీవాడు దాన్ని జారవిడిచి ఉండవచ్చు. రేపు తీరికగా రాస్తాను.