మలుపు తర్వాత మొదటి తొక్కులో లోతుగా దిగిపోతున్న బ్రేక్ పెడల్

రోజూ నడిపే కారును తొలి ట్రాక్ డేకు (సొంత కారును రేస్ ట్రాక్‌పై వేగంగా నడిపే రోజు) సిద్ధం చేస్తూ ముందు చక్రాలకు అధిక వేడిని తట్టుకునే ప్యాడ్లు, కొత్త డిస్కులు వేయించి, పాత బ్రేక్ ఆయిల్ తీసి, తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వద్ద గానీ మరగని డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ నింపాను. అప్పటి నుంచి, ముఖ్యంగా వేగంగా మలుపు తిరిగిన వెంటనే, మొదటి తొక్కులో పెడల్ సగం దాకా దిగిపోతోంది. రెండో తొక్కులో పైనే గట్టిగా నిలుస్తోంది. ఇంజిన్ నడుస్తుండగా నొక్కి పట్టినా కుంగడం లేదు, ఆయిల్ ఎక్కడా కారడం లేదు. నాలుగు చక్రాల వద్దా బ్రేక్ ఆయిల్‌లో చిక్కిన గాలిని మళ్లీ తీశాను, కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) జరిగే పిన్నులకు గ్రీజు పెట్టాను, మార్పు లేదు. పదేపదే గట్టిగా బ్రేక్ వేయాల్సిన చోటికి ఈ స్థితిలో వెళ్లడం ప్రమాదమని నా అభిప్రాయం. ముందుగా ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) యూనిట్‌లో చిక్కిన గాలిని స్కానర్‌తో తీయించాలా, లేక ప్యాడ్లను వెనక్కి నెడుతున్నాయేమోనని వీల్ బేరింగ్ లూజును, డిస్కు వంకరను కొలిపించాలా?